ప్రకటనలో ‘రంగు’ అనే మాట చీరకే వాడండి

ప్రశ్న: ఖమ్మంలో మాది పట్టుచీరల దుకాణం. నాన్నగారి తర్వాత నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. ఈసారి శ్రావణమాసం పెళ్లిళ్లకి, ఎప్పుడూ పెట్టే తెల్లటి మోడల్‌ని కాకుండా నల్లగా ఉన్న అమ్మాయిని పెళ్లికూతురిగా చూపించి ప్రకటన చేద్దామనుకుంటున్నాను. కథ కూడా రాసుకున్నాం. పెళ్లిచూపుల్లో ‘పిల్ల నలుపు’ అని అబ్బాయి తరఫువాళ్లు వద్దంటారు. అమ్మాయి ఏడుస్తుంది. రెండేళ్ల తర్వాత కలెక్టరై మా చీర కట్టుకుని సభకి వస్తే, ఆ అత్తగారే ఎదురొచ్చి దణ్ణం పెడుతుంది. ‘గిరాకీ పోతుందక్కా, వద్దు’ అంటున్నాడు తమ్ముడు. చేతిలో రెండున్నర లక్షలుంది. ముప్పై సెకన్ల వీడియో, నాలుగు హోర్డింగులు, లోకల్ కేబుల్ అనుకున్నాం. ఎలా చేస్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మాయిని పెట్టండి, కథని వదిలేయండి. మీ తమ్ముడి భయం పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. గిరాకీ పోయే ప్రమాదం ఉంది. కాకపోతే అది అమ్మాయి వల్ల రాదు, కథ వల్ల వస్తుంది.

ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీ కథని పైకి చదవండి. పెళ్లిచూపులు, కాఫీ కప్పులు, ‘పిల్ల నలుపు’ అన్న మాట, తల్లి ముఖం, అమ్మాయి కన్నీళ్లు... వీటికే 18 నుంచి 20 సెకన్లు పోతాయి. మిగిలిన పదిలో కారు దిగాలి, చీర కనపడాలి, అత్తగారు గుర్తుపట్టాలి, దణ్ణం పెట్టాలి, మీ దుకాణం పేరు రావాలి. ఫోన్లో చూసేవాళ్లలో చాలామంది మొదటి నాలుగైదు సెకన్లకే వేలితో పైకి తోసేస్తారు. వాళ్లదాకా చేరేది ‘పిల్ల నలుపు’ ఒక్కటే. కేబుల్లో అదే ప్రకటన రోజుకి ఇరవైసార్లు వేయిస్తే, ఊళ్లో నల్లగా ఉన్న ప్రతి ఆడపిల్లా అన్నం తింటూ ఇరవైసార్లు ఆ మాట వినాలి. ఖండించడానికే పెట్టారని ఆ పిల్లకి తెలుసు. పక్కన కూర్చున్న మేనత్తకి మాత్రం మాటే గుర్తుంటుంది.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అని ఒక జాతీయ పార్కు ఉంది. రాయిగా మారిపోయిన చెట్ల ముక్కల్ని చూడ్డానికొచ్చినవాళ్లు జేబులో వేసుకుని పోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం అక్కడ దారుల పక్కన గుర్తులు పెట్టిన ముక్కలు వేసి, రెండు రకాల బోర్డులు మార్చి మార్చి పెట్టింది. ‘ఇంతకుముందు వచ్చినవాళ్లు చాలామంది పట్టుకుపోయారు, అడవి పాడవుతోంది’ అన్న బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి తీయకండి’ అన్న బోర్డు ఉన్నప్పుడు 1.67 శాతమే. ‘అందరూ ఈ తప్పు చేస్తున్నారు’ అని బాధగా చెప్పినా, వినేవాళ్ల చెవిన పడేది ‘అందరూ చేస్తున్నారు’ అన్న ముక్కే. పెళ్లిచూపుల్లో నల్లపిల్లని కాదన్న దృశ్యం కూడా అలాగే పనిచేస్తుంది.

ఇక కలెక్టరు సంగతి. సివిల్స్ రాసి, శిక్షణ ముగించి, సబ్‌కలెక్టరుగా చేసి జిల్లా పగ్గాలు అందుకోడానికి రెండేళ్లు చాలవన్నది అటుంచండి. నల్లగా ఉన్న పిల్లకి మర్యాద దక్కాలంటే కలెక్టరవ్వాలా? తెల్లగా ఉన్న పిల్లకి ఆ షరతు లేదు కదా. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న నల్లటి అమ్మాయికి మీ ప్రకటన ఇచ్చేదేమీ లేదు. పైగా దణ్ణం పెట్టించిన ఆ అత్తగారు కూడా మీ గిరాకీయే. పట్టుచీరలకి డబ్బు తీసేది చాలాసార్లు ఆవిడే. ఆవిణ్ణి నలుగురిలో చిన్నబుచ్చి, తర్వాత కొట్టుకి రమ్మంటే ఎందుకొస్తుంది?

మాటల దగ్గర ఇంకో చిక్కుంది. మన భాషలో ఈ చిన్నచూపు దాక్కునే చోటు ‘అయినా’. ‘నలుపైనా కళగల ముఖం’ అంటాం, మెచ్చుకుంటున్నామనే అనుకుంటాం. ‘రంగు కొంచెం తక్కువేగానీ గుణం మంచిది’, ‘చామనచాయ వాళ్లకి సైతం నప్పే చీరలు’... అయినా, గానీ, సైతం, కూడా: ఈ నాలుగింట్లో ఏది కనపడినా ఆ వాక్యం కొట్టేయండి. ‘నలుపే అందం’ కూడా వద్దు. మద్రాసులో విమెన్ ఆఫ్ వర్త్ సంస్థ 2009లో ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ఉద్యమం మొదలుపెట్టింది, 2013లో నటి నందితా దాస్ దానికి ముఖంగా నిలిచింది. వాళ్లు ఆ మాట పైకి అనాలి, అనడమే వాళ్ల పని. మీరు చీరలమ్ముతున్నారు. మీరంటే, అమ్మకానికి వాడుకున్నట్టే వినిపిస్తుంది.

మరి ఏం చూపించాలి? 2013లో తనిష్క్ నగల ప్రకటన ఒకటి వచ్చింది, గౌరీ షిండే తీసింది. పెళ్లికూతురు తయారవుతుంటుంది. చుట్టూ తిరుగుతున్న చిన్నపిల్ల ఆమె కూతురేనని పీటల దగ్గరికొచ్చాకే మనకి తెలుస్తుంది. నేనూ తిరుగుతానని ఆ పిల్ల మారాం చేస్తే, పెళ్లికొడుకు ఎత్తుకుని ఏడడుగులకి తీసుకెళతాడు. ‘రెండో పెళ్లి’ అనే మాట ఎక్కడా లేదు. ఆ పెళ్లికూతురిది మామూలుగా నగల ప్రకటనల్లో కనపడే తెల్లటి ఛాయ కాదు, ఆ సంగతీ ఎవరూ ఎత్తరు. చూసినవాళ్లు రెండూ గమనించారు. మనం చెప్పకుండా వదిలేసినదాన్ని జనం తమంతట తామే పట్టుకుంటారు. అలా పట్టుకున్నది ఎక్కువకాలం ఉంటుంది.

ఏరియల్ 2015 నుంచి నడిపిన ‘షేర్ ద లోడ్’ మీకు తెలిసే ఉంటుంది. అందులో ప్రశ్న సూటిగానే వేశారు: బట్టలుతకడం ఆడవాళ్ల పనేనా? అక్కడ చెల్లింది, ఎందుకంటే గొడవ బట్టల దగ్గరే ఉంది, అమ్మేది బట్టల సబ్బుపొడే. మీకూ అలాంటి సొంత జాగా ఉంది. ‘ఈ పిల్లకి ఆ రంగు నప్పదమ్మా, లైట్ కలర్లు చూపించండి’ అన్న మాట ఎక్కువగా వినపడేది చీరల కొట్లోనే. పెళ్లిచూపులు మీ జాగా కాదు, కౌంటరు మీది. అక్కడే తీయండి.

ఒక దారి చెబుతాం, మార్చుకోండి. తెల్లటి పరుపు మీద పది పన్నెండు చీరలు పరిచి ఉన్నాయి. నాయనమ్మ పెద్దంచు గద్వాల పట్టుకుంది, పిన్ని చిన్నంచుదే కావాలంటుంది, ఇద్దరికీ పడట్లేదు. పెళ్లికూతురు ఆ ఇద్దరినీ వదిలేసి, అడుగున ఉన్న వంగపండు రంగు చీర కొంగు పట్టి లాగుతుంది. పైనున్న చీరలు జారిపోతాయి. సేల్స్‌మన్ ఆ కొంగు ఆమె భుజం మీద వేస్తాడు. అద్దం. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడరు. నాయనమ్మ అంటుంది: ‘ఈ రంగులో నాకూ ఒకటి తీయవయ్యా.’ దుకాణం పేరు. ముప్పై సెకన్లలో ‘రంగు’ అనే మాట ఒక్కసారే వస్తుంది, అదీ చీర గురించి. ముదురు రంగు చీర ఆ అమ్మాయే ఎంచుకోవడంలో చెప్పాల్సింది అయిపోయింది. చీర ఎనిమిదో సెకనుకల్లా తెర మీదకి రావాలి, మీ పేరు మొదటి ఐదు సెకన్లలో ఒకసారి, సంచీ మీదో గోడ మీదో, కనపడాలి.

ఎంపిక దగ్గర మూడు తప్పులు తరచు జరుగుతాయి. మొదటిది, తెల్లటి అమ్మాయికే ముదురు మేకప్ వేసి నలుపు చేయడం. ఊళ్లో గుర్తుపడతారు, పరువు పోతుంది. రెండోది, కుటుంబమంతా పాలమీగడలా ఉండి పెళ్లికూతురు ఒక్కతే నల్లగా ఉండటం. అది నమ్మించదు, ఆమెని ప్రదర్శనకి పెట్టినట్టూ ఉంటుంది. నాయనమ్మది, పిన్నిది, చెల్లెలిది తలా ఒక ఛాయగా ఉండనివ్వండి, మన ఇళ్లలో ఉండేదే అది. మూడోది సేల్స్‌మన్‌నో, చీరలు మోసే కుర్రాణ్ణో మాత్రమే నల్లగా చూపించడం. భారత ప్రకటనల ప్రమాణాల మండలి, అదే ఆస్కీ, 2014లో తెల్లబరిచే క్రీముల ప్రకటనలకి నియమాలు పెట్టింది. నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, వెనకబడ్డట్టుగా చూపించకూడదు. ఫలానా కులానికో వృత్తికో ఆ రంగు అంటగట్టకూడదు. మీది క్రీము కాదు కాబట్టి ఆ నియమాలు నేరుగా తగలవు. అయినా మీ పాత కథని వాటి పక్కన పెట్టి చూడండి, ఏడుపు దృశ్యం దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు పని: ఫొటో. ఇలాంటి ప్రకటనలు ఎక్కువగా చెడేది ఇక్కడే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కెమెరాకి ముఖమేదో చీరేదో తెలీదు. ఆటో మోడ్‌లో పెడితే ఫ్రేము మొత్తాన్ని సగటున ఒక మధ్యరకం వెలుగుకి తెస్తుంది. వెనక తెల్లగోడ, ఒంటి మీద మెరిసే జరీ ఉంటే మొత్తం వెలుగు తగ్గించేస్తుంది. ముఖం చీకటవుతుంది. అప్పుడు ఫొటోగ్రాఫరు ఎదురుగా ఫ్లాష్ పెంచుతాడు. నుదురు, ముక్కు, బుగ్గల మీద తెల్లటి మెరుపు మచ్చలు పడతాయి, మిగతాదంతా చదునుగా నల్లగా ఉండిపోతుంది. ‘నల్లవాళ్లు ఫొటోలో సరిగా పడరు’ అనే మాట ఇక్కణ్ణుంచే వచ్చింది. ఫిల్ము రోజుల్లో కొడాక్ తన ల్యాబులకి రంగులు సరిచూసుకోమని పంపిన కార్డుల మీద తెల్లజాతి యువతే ఉండేది, షర్లీ కార్డులనేవాళ్లు వాటిని. ముదురు గోధుమరంగులు సరిగా పడట్లేదని చాక్లెట్లవాళ్లూ చెక్క సామానువాళ్లూ గొడవచేశాక గానీ ఫిల్ము కదల్లేదు. చర్మానిది కాదు లోపం.

నల్లటి చర్మం ఆకారం నీడలో కన్నా, పక్కనుంచి పడి తిరిగొచ్చే వెలుగులో బాగా తెలుస్తుంది. కాబట్టి వెలుగు పెద్దదిగా, మెత్తగా, పక్కనుంచి రావాలి. లైటు ముందు తెల్లబట్ట కట్టి వెలుగుని మెత్తన చేసే, నాలుగైదు అడుగుల సాఫ్ట్‌బాక్సు ఒకటి, 45 డిగ్రీల్లో, తలకన్నా కొంచెం ఎత్తులో పెట్టించండి. రెండో వైపు మూడడుగుల దూరంలో నాలుగడుగుల తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టాలి. జుట్టు వెనక గోడలో కలిసిపోకుండా వెనకనుంచి చిన్న లైటు చాలు. పట్టుకీ ఇదే వెలుగు కావాలి, ఎదురు ఫ్లాష్‌లో జరీ తెల్లబడుతుంది, పక్క వెలుగులోనే బంగారంలా పలుకుతుంది. వెలుగు కొలిచేది ముఖం మీద. ప్రతి సెట్టింగులో మొదటి ఫొటో గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పట్టుకుని తీయమనండి, ఫైళ్లు కెమెరా సొంత మార్పులు లేని రా ఫార్మాట్‌లో ఉండాలి. వెనక గోడ నలుపు, కాఫీ రంగు వద్దు. ఆవపిండి పసుపు, లేత ఆకుపచ్చ, ఇటుకరంగు బాగుంటాయి.

మేకప్ ఆవిడతో షూటింగుకి రెండు మూడు రోజుల ముందే ఒకసారి వేయించి చూడండి. ఊళ్లో చాలామంది దగ్గర ముదురు ఫౌండేషన్లు రెండు మూడు షేడ్లకి మించి ఉండవు, ఉన్నదాంట్లో లేతది రాసేస్తారు. షేడు చేతి మీద చూడకూడదు, దవడ కింద మెడ కలిసేచోట, పగటి వెలుగులో చూడాలి. తెల్ల పౌడరు అద్దితే కంటికి బాగానే ఉంటుంది, కెమెరాలో బూడిద పూసినట్టు వస్తుంది. అంతా పొడిగా, మెరుపు లేకుండా చేయడం కూడా తప్పే. కొంచెం తేమ ఉండాలి, నుదుటి మీద జిడ్డు మాత్రం టిష్యూతో అద్దాలి. చేతులు మర్చిపోకండి. ముఖానికి రాసి చేతులకి రాయకపోతే కొంగు పట్టుకున్న షాట్‌లో ఆ తేడా బయటపడుతుంది.

ఎడిటరుకి కాగితం మీద ఒక మాట రాసివ్వండి: ఆరెంజ్ ల్యూమినెన్స్ (నారింజ రంగుల వెలుగు) ముట్టుకోవద్దు. మన చర్మం ఏ ఛాయలో ఉన్నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కలో చాలావరకు నారింజ కిందకే వస్తుంది, ఆ ఒక్క స్లైడర్ పైకి జరిపితే మనిషి తెల్లబడుతుంది. చాలా స్టూడియోల్లో ఎవరూ చెప్పకుండానే అలవాటుగా జరిపేస్తారు. మీ తమ్ముడికి నచ్చే కారణం ఒకటి చెబుతాం. జరీ బంగారు రంగూ, మామిడిపండు పసుపూ కూడా ఆ స్లైడరుకే తగులుతాయి. ముఖంతోపాటు చీరా వెలిసిపోతుంది. గిరాకీ ఫోన్లో ఫొటో చూపించి ‘ఈ రంగు కాదుగా’ అని తిప్పేస్తుంది. ముఖం సహజంగా ఉంటే చీరా సహజంగా ఉంటుంది. ఫోన్‌తో రీల్స్ తీసేటప్పుడు బ్యూటీ ఫిల్టరు ఆఫ్ చేశారో లేదో చూసుకోండి, కొన్ని ఫోన్లలో అది మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది.

హోర్డింగు దగ్గర మళ్లీ ఒక గండం. డిజైనరు మానిటరు నిండు వెలుగులో ఉంటుంది, దాంట్లో బాగున్నది ఫ్లెక్సీ మీద రెండు మెట్లు ముదురుగా దిగుతుంది. చివరి నిమిషంలో ప్రింటింగువాడు ముఖాన్ని తెల్లబరిచి పంపేస్తాడు, మీరు చూసేది ఫ్లెక్సీ హోర్డింగు మీదకి ఎక్కాకే. ముందే ముఖమూ చీరంచూ కలిసిన రెండడుగుల ముక్క అదే మెషీన్ మీద, అదే మెటీరియల్ మీద వేయించండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి ఫోకస్ లైట్ల కింద ఒకసారి, ముప్పై అడుగుల దూరం నుంచి చూడండి. చెంప, దవడ విడివిడిగా తెలియాలి. ఒకే మచ్చలా కలిసిపోతే మిడ్‌టోన్లు (మరీ వెలుగూ మరీ చీకటీ కాని భాగాలు) 5 నుంచి 8 శాతం పెంచి, ఆ భాగంలో నల్ల ఇంకు తగ్గించమనండి. మొత్తం బ్రైట్‌నెస్ పెంచనివ్వకండి. హోర్డింగు మీద ఆరేడు మాటలకి మించి రాయొద్దు: చీర పేరు, మొదలు ధర, దుకాణం, చోటు.

వీడియో తయారయ్యాక బంధువులకి చూపించకండి, బాగుందనే అంటారు. కొట్టుకొచ్చినవాళ్లలో పన్నెండు పదిహేను మందికి, విడివిడిగా, ఒక్కొక్కరికి ఒకేసారి చూపించండి. అందులో సగంమంది యాభై దాటినవాళ్లుండాలి. ఫోన్ వెనక్కి తీసుకుని ‘ఏం చూశారు?’ అని అడగండి, ఇంకేం అడగొద్దు. ‘చీర కోసం నాయనమ్మా పిన్నీ కొట్టుకుంటారు’ అంటే పని జరిగినట్టే. నలుగురైదుగురు ‘నల్లమ్మాయి ప్రకటన’ అని మొదలుపెడితే ఎక్కడో ఎక్కువ నొక్కారు. సాధారణంగా ఆ తప్పు సంగీతంలో, లేకపోతే ముఖం మీద ఆగిపోయిన స్లోమోషన్‌లో ఉంటుంది. కత్తిరించి మళ్లీ చూపించండి, ఈసారి వేరేవాళ్లకి.

గొడవలొస్తే? రెండు రకాలుంటాయి, రెంటికీ ఒకే మందు కాదు. 2023లో జొమాటో పర్యావరణ దినోత్సవానికి ఒక ప్రకటన చేసింది. చెత్తతో ఏమేం చేయొచ్చో చెప్పడానికి, ఒక సినిమాలో ‘కచ్రా’ (చెత్త) అనే దళిత పాత్ర వేసిన నటుణ్ణే బల్లగా, దీపంగా, కుండీగా కూర్చోబెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ మనిషిని చెత్తగా చూపించారని దళితుల నుంచే నిరసన వచ్చింది, ఎస్సీ కమిషన్ నోటీసిచ్చింది, ప్రకటన తీసేశారు. ఎవరి తరఫున మాట్లాడాలనుకున్నామో వాళ్లకే నొప్పి తగిలితే వెంటనే తీసేయాలి. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అనే నసుగుడు లేకుండా తప్పయిందని చెప్పాలి. రెండో రకం 2020లో తనిష్క్‌కి ఎదురైంది. ముస్లిం ఇంట్లో హిందూ కోడలి సీమంతం చూపించినందుకు బెదిరింపులొస్తే, సిబ్బంది క్షేమం కోసమని వెనక్కి తీసుకున్నారు. నల్లటి పెళ్లికూతురికి అంత రాదు. వచ్చేది వెటకారం. మొదటి రెండు రోజులు ఎవరో ఒకరు కామెంట్లు చూస్తుండాలి. చీర బాగాలేదన్నా ధర ఎక్కువన్నా జవాబివ్వండి, ఉంచండి. అమ్మాయి ఒంటి గురించి వచ్చినవి మాత్రం జవాబు లేకుండా తీసేయండి. వాదిస్తే ఆ కామెంటే పైకి తేలుతుంది. ఆమె సొంత అకౌంటుని ట్యాగ్ చేయకండి. ఎన్ని నెలలు, ఎక్కడెక్కడ వాడతారో రాసి సంతకం తీసుకోండి, ఇలాంటి మాటలు రావచ్చని ముందే చెప్పండి. పారితోషికం మీరు పోయినేడు మోడల్‌కి ఇచ్చినంతా ఇవ్వాలి. ‘అవకాశం ఇచ్చాం కదా’ అని తగ్గిస్తే ఆ మాట ఊళ్లో తిరుగుతుంది.

డబ్బు సంగతి. ఒకే రోజు షూటింగులో వీడియో, హోర్డింగు ఫొటోలు రెండూ తీయించండి. మేకప్‌తో కలిపి లక్ష దాటకూడదు. లక్షా పదివేలు హోర్డింగులకి, కేబుల్‌కి, ఫోన్ ప్రకటనలకి. మిగిలిన నలభైవేలు ముట్టుకోకండి, రీ-ఎడిట్‌కో రెండోసారి ప్రింటుకో కావాలి. హోర్డింగుల రేట్లు సెంటర్ని బట్టి మారతాయి. నాలుగు దొరకకపోతే మూడే తీసుకుని, ఒకటి బస్టాండు వైపు ఉండేలా చూడండి.

తమ్ముడికి లెక్క చూపించాలంటే లైకులు పనికిరావు. ప్రకటనలో కట్టిన చీరకి, అదే రంగులో మరో మూడు ధరల చీరలకి విడిగా కోడ్ పెట్టి, అవి ఎన్ని పోయాయో చూడండి. పోల్చేది క్యాలెండరు నెలతో కాదు, ముహూర్తాల సంఖ్యతో. 2023లోలా అధిక శ్రావణం వచ్చిన ఏడాదితో పోలిస్తే లెక్క తారుమారవుతుంది. 2020లోనే ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేశారు, షాదీ డాట్ కామ్ రంగుని బట్టి వడకట్టే ఏర్పాటు తొలగించింది. ట్యూబు అంగట్లోనే ఉంది, నిజమే. కానీ అంత పెద్ద వ్యాపారులే ఆ మాట వదులుకున్నారంటే గిరాకీ ఎటు కదులుతోందో లెక్కేసుకునే వదులుకుని ఉంటారని తమ్ముడికి చెప్పండి.

ప్రకటన వెయ్యకముందే కొట్లో రెండు పనులు చేయాలి. ఒకటి, సేల్స్‌మన్‌లని కూర్చోబెట్టి ‘మీ రంగుకి ఇది నప్పదు’ అనే మాట మాన్పించాలి. అనొద్దంటే సరిపోదు, బదులు ఏమనాలో ఇవ్వాలి: ‘పొద్దుట ముహూర్తమా, రాత్రి ముహూర్తమా?’ అని అడగమనండి. చీర ఏ వెలుగులో కడతారన్నదే నిజంగా పనికొచ్చే ప్రశ్న. రెండోది అద్దం. చాలా కొట్లలో అద్దం పైన తెల్లటి ట్యూబులైటుంటుంది, 6500 కెల్విన్‌ది. కెల్విన్ వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. ఆ నీలివెలుగులో, పైనుంచి పడే నీడలో చామనచాయ ముఖం పాలిపోయి బూడిదగా కనపడుతుంది, వంగపండు రంగు నల్లబడుతుంది. హోర్డింగు చూసి వచ్చిన అమ్మాయి భుజం మీద కొంగు వేసుకుని, అద్దంలో చూసుకుని, తీసి కింద పెట్టేస్తుంది. అద్దానికి రెండు పక్కలా, ముఖం ఎత్తులో, 4000 కెల్విన్ లైట్లు పెట్టించండి. డబ్బా మీద, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ 90 పైన ఉందో లేదో చూసి కొనండి.